రెండూ చెప్పండి, టీచరమ్మా

1995 ఫిబ్రవరి 3, శుక్రవారం

రంజాన్ రోజాలు మొదలయ్యాయి. ఎండ అప్పుడే ముదిరింది. మధ్యాహ్నం పీరియడ్‌లో గొంతు ఆరిపోయి కాసేపు మాట ఆపాల్సి వచ్చింది.

పదో తరగతికి జీవపరిణామం పాఠం మొదలుపెట్టాను. గబ్బిలం రెక్క, తిమింగలం తెడ్డు, గుర్రం ముందుకాలు బోర్డు మీద వేశాను. మనిషి చేతిని నాగేంద్రమ్మతో వేయించాను. నాలుగింటిలోనూ ఎముకల వరుస ఒకటేనని ఆ పిల్లే ముందు కనిపెట్టి చెప్పింది. నాకంటే బాగా వేస్తుంది, అందుకే ఆమెను పిలిచాను. నిరుడు వేరే పిల్లతో వేయించాను. పిల్లలకు కూడా అలవాటు కావాలి గదా.

ఫిబ్రవరి 6

స్టాఫ్‌రూంలో పొద్దుటి నుంచి ఒకటే మాట. నిన్న జమ్మలమడుగు సభలో సిద్దయ్య బడుల గురించి మాట్లాడాడట. ఈసారి జిల్లా పరిషత్తుకు నిలబడ్డాడు. గెలిస్తే చైర్మన్ అతనే అంటున్నారు. అంటే మా హైస్కూలుతో సహా జిల్లాలో ఉన్న పరిషత్ బడులన్నీ అతని చేతి కిందికి వస్తాయి.

మనిషి కోతి నుంచి వచ్చాడని పిల్లలకు నేర్పుతున్నారనీ, అది ఎవరో తెల్లవాడు అనుకున్న మాటే తప్ప కళ్లతో చూసింది కాదనీ అన్నాడట. తాను గెలిస్తే పొద్దున ప్రార్థనలో "దేవుడే నన్ను చేశాడు" అని పిల్లలందరూ చెప్పాలట. ఏ దేవుడన్నది వాళ్ల వాళ్ల ఇష్టం. సైన్సు క్లాసులో కోతి పాఠం తీసేయమనడట. దాని పక్కనే దేవుడి మాట కూడా చెప్పమంటాడట. రెండూ చెప్పండి, పిల్లలే తేల్చుకుంటారు అన్నాడట.

హిందీ సారుకు ఈ మాట బాగా నచ్చింది. అందులో తప్పేముంది అన్నాడు. తర్వాత నేనక్కడ ఉన్నానని గుర్తొచ్చి కిటికీలోంచి బయటికి చూశాడు.

పేపర్లో ఫోటో వేశారు. సిద్దయ్య పక్కన అతని పాత పగవాడు రామన్న నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. ఇద్దరూ రాజీ అయ్యారని విన్నాను. చూడడం ఇదే మొదలు. పేపరు మడిచి చాక్‌పీసుల డబ్బా కింద పెట్టాను. ఇంటికి తీసుకుపోతే అత్త చూస్తుంది.

ఫిబ్రవరి 8

యూనుస్ గురించి ఇందులో రాయను.

ఫిబ్రవరి 10

షంషుద్దీన్ మామ ఇంటికి వచ్చాడు. ప్రొద్దుటూరు బజారులో బట్టల అంగడి ఆయనది. పఠనాలయ సంఘానికి కార్యదర్శి కూడా. సిద్దయ్య మాటల మీద ఊళ్లో చర్చ పెట్టాలని సంఘం వాళ్లు అనుకున్నారట. సిద్దయ్య తానే వచ్చి మాట్లాడతానన్నాడట. సైన్సు తరఫున మాట్లాడడానికి మాత్రం మనిషి దొరకలేదు. కాలేజీ లెక్చరర్లను అడిగితే ఒకరికి పెళ్లి ఉందట, ఒకరికి జ్వరమట.

"నీ పేరు సిద్దయ్యకు చెప్పినామమ్మా. ఆ యమ్మ అయితే సరే అన్నాడు" అన్నాడు మామ, చాప మీది పుల్ల పీకుతూ.

నేను ఎవరో తెలిసే సరే అన్నాడు. మామ కూడా ఆ సంగతి తెలిసే వచ్చాడు. నాకేమీ అనిపించలేదు. ఇది పాఠం సంగతి. పదిహేనేళ్లుగా చెబుతున్న పాఠాన్ని ఇంకొక చోట చెప్పాలి, అంతే. వస్తానన్నాను.

మామ వెళ్లాక అత్త పొయ్యి ముట్టించింది. ఇఫ్తారుకు గంజి కాస్తూ అంది: "అల్లా మట్టితోనే చేసినాడు బేటీ. అది నిజమే. కానీ ఆ మాట వాని నోట్లోంచి వస్తాంటే నాకు వినబుద్ధి గాలేదు."

పేపరు ఎవరో చదివి వినిపించారన్నమాట.

ఫిబ్రవరి 11

హెడ్మాస్టర్ గురప్ప సారు తన గదికి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు. మంచి మనిషి. నా కష్టకాలంలో నెలల తరబడి నా క్లాసులు తానే తీసుకున్నాడు. ఎన్నికల వేళ, గవర్నమెంటు ఉద్యోగం, జాగ్రత్త అని చెప్పాడు. పోవద్దని మాత్రం అనలేదు. పోవద్దంటే భయపడినట్లు ఉంటుందని ఆగాడేమో.

"పాఠం దాటి ఒక్క మాట గూడా బయట పెట్టొద్దు టీచర్. మనిషి జోలికి పోవద్దు" అన్నాడు.

నాకు ఆ ఆలోచన కూడా లేదని చెప్పాను. నిజంగానే లేదు.

ఫిబ్రవరి 14

బస్సులో ఎప్పటిలా చివరి సీటులో కూర్చున్నాను. ముందు ఖాళీలున్నాయి, రా టీచరమ్మా అని కండక్టర్ రోజూ పిలుస్తాడు. ముందు కూర్చుంటే గేరు రాడ్డు మీద డ్రైవరు చెయ్యి కనిపిస్తుంది.

దారి పొడుగునా గోడల మీద నీలం రంగుతో "దేవుడు చేసిన మనిషి, దేవుడు మెచ్చే పాలన" అని రాయించాడు. మసీదు పక్క గోడ మీద కూడా ఉంది. చర్చి గోడ మీదా ఉంది. అందరికీ నచ్చే మాట. నాకూ ఒకప్పుడైతే నచ్చేదే.

సభ కోసం కాగితం మీద రెండు వరుసలు రాసుకున్నాను. ఒకవైపు అతను అనబోయేవి, ఇంకోవైపు నేను చెప్పాల్సినవి. శిలాజాలు, మధ్యలో దొరకని ఎముకలు, కంటి నిర్మాణం, వీటన్నిటికీ జవాబులున్నాయి. ఒక్కదానికి మాత్రం ఏం రాయాలో తోచలేదు. మనిషి జంతువే అయితే మనిషిని చంపితే తప్పేముంది? ఆ ప్రశ్న అతను అడుగుతాడని ఎవరూ చెప్పలేదు. నేనే రాసుకున్నాను. ఎదురుగా జవాబు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 16

రాయనన్నాను గానీ, రాస్తే సభలో మనసు తేలికగా ఉంటుంది. ఒక్కసారి రాసి వదిలేస్తాను.

మా పెళ్లికి ముందు నుంచే యూనుస్ బాడుగ జీపు తోలేవాడు. మూడేళ్ల కింద ఆ రోజు రామన్న పులివెందులలో కోర్టు పని ఉందని బండి మాట్లాడుకున్నాడు. సిద్దయ్యకూ రామన్నకూ అప్పట్లో రెండు ఊళ్లు కాలిపోయేంత కక్ష. ఎర్రగుంట్లలో రామన్న దిగిపోయాడు. సిమెంటు లారీల వాళ్లతో మాట్లాడి వెనక వస్తాను, నువ్వు నిదానంగా పోతా ఉండు అన్నాడట. ముద్దనూరు దాటాక కల్వర్టు దగ్గర బాంబులు వేశారు. బండిలో యూనుస్ ఒక్కడే ఉన్నాడు.

గుర్తుపట్టడానికి ఆసుపత్రిలో నాకు ఒక్క చెయ్యి చూపించారు. మిగతాది గుడ్డ కింద ఉంది, తీయొద్దమ్మా అన్నారు. నేను తీయమనలేదు. చెయ్యి చాలు. గుర్తుపట్టాను, సంతకం పెట్టాను.

సిద్దయ్య మీద పెట్టిన కేసులో సాక్షులు ఎవరూ రాలేదు. కొట్టేశారు. సిద్దయ్య ఆ తర్వాత కాషాయం కండువా వేసుకుని కొండలకు, మఠాలకు తిరిగాడు. బాగా మారిపోయాడని అందరూ అంటారు.

అంతే. రాసేశాను. సభకూ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 19, ఆదివారం

సభ బాగా జరిగింది. జనం బాగా వచ్చారు. నేను చెప్పాల్సింది చెప్పాను. అలసటగా ఉంది.

ఫిబ్రవరి 20

నిన్న సరిగా రాయలేదు.

హాలు నిండిపోయి మెట్ల మీద కూడా నిలబడ్డారు. సిద్దయ్య తెల్లచొక్కా, కండువాతో వచ్చాడు. నేననుకున్నంత పొడుగు లేడు. కోర్టులో చూసినప్పుడు చాలా పొడుగ్గా కనిపించాడు. నాకు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. రామన్న ముందు వరుసలో కూర్చున్నాడు.

గట్టిగా మాట్లాడతాడనుకున్నాను. నెమ్మదిగా, ఇంటి మనిషితో మాట్లాడినట్లు మాట్లాడాడు. తాను ఎక్కువ చదువుకోలేదన్నాడు. సైన్సు మీద కోపం లేదనీ, తన మనవరాలు డాక్టరు కావాలని ఉందనీ చెప్పాడు. ఆ తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు.

"మన ఊర్లల్లో మనిషిని గొర్రెను కోసినట్ల కోసినారు. యాడో కాదు, ఈడనే. ఎందుకు కోసినారు? ఎదురుగా ఉండేది దేవుడు చేసిన మనిషని మర్సిపోయినారు. ఇప్పుడు బళ్లో గూడా నువ్వు జంతువువే నాయనా అని చెప్తాంటే, ఆ పిల్లోడు రేపు పెద్దోడై ఏం చేస్తాడు? నేను పాఠం తీసేయమనడంల్యా. రెండూ చెప్పండి టీచరమ్మా. దానివల్ల ఎవురికి నష్టం?"

హాలంతా చప్పట్లు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. ఆ హాల్లో ఇంట్లో ఒక్క చావైనా లేని కుటుంబాలు తక్కువ. సిగ్గుగా ఉన్నా రాస్తున్నాను. అతను చెప్పింది నిజమేనని నాకూ ఒక క్షణం అనిపించింది. అతనన్నట్లు గుర్తుంచుకుని ఉంటే యూనుస్ ఉండేవాడు.

లేచి బోర్డు దగ్గరికి పోయాను. గబ్బిలం, తిమింగలం, గుర్రం వేశాను. నాలుగో బొమ్మ వేయడానికి అక్కడ నాగేంద్రమ్మ లేదు. నేనే వేశాను. భుజం నుంచి మోచెయ్యి, ముంజేతి ఎముకలు, మణికట్టు, వేళ్లు. వేస్తున్నంతసేపూ అది యూనుస్ చెయ్యే. గీత మాత్రం వంకర పోలేదు.

ఎగిరేదానికీ ఈదేదానికీ పరుగెత్తేదానికీ రాసేదానికీ ఎముకలు ఒకే వరుసలో ఎందుకున్నాయో పిల్లలు అడగాలి, అది పాఠం అన్నాను. దేవుడు లేడని ఆ పాఠంలో ఎక్కడా లేదన్నాను. నేనిప్పుడు రోజాలో ఉన్నాను, ఇంటికి పోయి నమాజు చేస్తాను, రేపు ఇదే పాఠం చెబుతాను, నాకు రెండింటికీ తగాదా రాలేదన్నాను. కొందరు నవ్వారు. మంచి నవ్వే.

రెండూ చెప్పమన్నదానికి జవాబిచ్చాను. నా పాఠంలో తప్పుందని ఏ పిల్లవాడైనా లేచి అనవచ్చు, నిరూపిస్తే నేను దిద్దుకుంటాను. మీరు చెప్పమనే మాట తప్పని ఒక పిల్లవాడు లేచి అంటే, మన ఊళ్లల్లో ఆ పిల్లవాడు ఏమవుతాడు అని అడిగాను. అడగడానికి వీలున్న మాటనూ వీలులేని మాటనూ ఒకే బోర్డు మీద రాస్తే, పిల్లలు నేర్చుకునేది నోరు మూసుకోవడమే అన్నాను.

అక్కడ ఆపి ఉండాల్సింది. కాగితంలో ఖాళీగా వదిలిన చోటు గుర్తొచ్చింది. నోరు దానంతట అదే కదిలింది.

"జంతువు ఆకలికి చంపుతుంది. ఎవరు ఎక్కారో ఎవరు దిగారో చూసుకోకుండా, జీపు నంబరు గుర్తు పెట్టుకుని కల్వర్టు కింద కాచుకునే జంతువు మా పుస్తకంలో లేదు. ఆ పని చేసింది దేవుడున్నాడని నమ్మిన మనుషులే."

రామన్న తల వంచుకున్నాడు. సిద్దయ్య వంచలేదు. నా వైపే చూస్తున్నాడు. కోపం లేదు ఆ చూపులో. ఏముందో నాకు తెలియలేదు.

అది ఉదాహరణకు చెప్పిన మాట. ఎవరి పేరూ ఎత్తలేదు.

ఫిబ్రవరి 23

మెమో వచ్చింది. ఎన్నికల సమయంలో ఒక అభ్యర్థిని కించపరిచారని ఫిర్యాదు. సంజాయిషీ ఇవ్వాలి. గురప్ప సారు కాగితం చేతికిచ్చి, "చెప్పినా గదా టీచర్" అన్నాడు. సంజాయిషీ ఎలా రాయాలో మాత్రం తానే పక్కన కూర్చుని చెప్పాడు.

జీపు అనేది సాధారణ వాహనం అని రాశాను.

ఫిబ్రవరి 24

క్లాసులో నాగేంద్రమ్మ లేచి, "పరీక్షలో ఏది రాయాల మేడం? మీరు చెప్పిందా, ఆయప్ప చెప్పిందా?" అని అడిగింది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులైంది.

తర్వాత బోర్డు వైపు తిరిగితే వెనక బెంచీలో యూనుస్ కూర్చున్నట్లు అనిపించింది. పగలు, మిట్టమధ్యాహ్నం. తిరిగి చూడలేదు. గంట కొట్టేదాకా బోర్డు మీద రాస్తూనే ఉన్నాను.

మార్చి 3, పండగ

రామన్న ఇంటికొచ్చాడు. అత్తకు చీర, పండ్ల బుట్ట తెచ్చాడు. యూనుస్ పోయాక ఈ వాకిట్లో కాలు పెట్టడం ఇదే మొదటిసారి.

ఎన్నికల ముందర ఈ మాటలన్నీ ఎందుకన్నాడు. తనకూ సిద్దయ్యకూ రాజీ కుదిరి రెండు ఊళ్లు చల్లబడ్డాయనీ, పిల్లలు భయం లేకుండా పొలాలకు పోతున్నారనీ, నేనన్న జీపు మాటతో కుర్రవాళ్లు మళ్లీ కాగుతున్నారనీ చెప్పాడు. ఆ మాట సిద్దయ్యను అనలేదని ఒక్క ముక్క పేపరుకు రాసిస్తే మెమో సంగతి తాను చూసుకుంటానన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ఊళ్లు చల్లబడిన మాట నిజం.

జీపు మాట అత్తకు నేను చెప్పలేదు. అత్త నా వైపు చూసింది. తర్వాత రామన్నను అడిగింది:

"ఎర్రగుంట్లలో దిగినావు గదప్పా. నీకు ముందే తెల్సా?"

రామన్న పండ్ల బుట్టను పక్కకు జరిపాడు. "ఎవురో చెప్పినారు, దారి బాగలేదని. ఖాళీ బండిని ఏం చేస్తార్లే అనుకున్యా" అన్నాడు.

ఖాళీ బండి.

అత్త సేమియా గిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది. పండగ నాడు వచ్చినవాళ్లను ఉత్త కడుపుతో పంపదు. అతను తినలేకపోయాడు. పోయేటప్పుడు చీర, పండ్లు అత్త తిరిగి అతని చేతికే ఇచ్చింది.

పేపరుకు రాసి ఇవ్వలేదు.

మార్చి 9

సభ రోజు ఇంకొకటి జరిగింది. రాయకుండా ఉంటే జరగనట్లు అవుతుందనుకున్నాను. కావడం లేదు. పాఠం చెబుతుంటే ఆ గొంతే వినిపిస్తోంది. అన్నం తింటుంటే వినిపిస్తోంది.

ఆ సాయంత్రం సభ అయ్యాక షంషుద్దీన్ మామ నన్ను పక్కగదిలో కూర్చోబెట్టి ఖర్జూరాలు, నీళ్లు పెట్టి నమాజుకు పోయాడు. అజాన్ వినిపించింది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నాను. గుమ్మంలో సిద్దయ్య నిలబడి ఉన్నాడు. ఒక్కడే.

లోపలికి రాలేదు. తినమ్మా, తిను అన్నాడు.

"యూనుస్ నా బండి గూడా తోలినాడు, ఒక ఎండాకాలం. చెయ్యి శానా నెమ్మది. నిద్రపోతాంటే గుంత వచ్చింది గూడా తెలిసేది గాదు" అన్నాడు.

నేను నీళ్ల గ్లాసు దగ్గరికి లాక్కున్నాను.

"నువ్వు గీసిన ఎముకలు నిజమే గావచ్చు. నేను కాదనను. దేవుడు చేసినాడంటే, పోయి ఆయన కాళ్ల మీద పడతా. ఆయన చేసిన మనిషి, తప్పు కాయమని ఆయన్నే అడుక్కుంటే సరిపోతాది. చేయలేదంటావా, అప్పుడు నేను నిన్ను అడగాల. ఆ ముసలామెను అడగాల. అది నాతో అయ్యే పని గాదు టీచరమ్మా. అందుకే నాకు దేవుడు కావాల. పిల్లోల్లకు గూడా కావాల."

అంతే అని వెళ్లిపోయాడు.

మూడేళ్లుగా అతని ముందు నిలబడితే ఏమనాలో రకరకాలుగా అనుకున్నాను. వంట చేస్తూ, బస్సులో, కాపీలు దిద్దుతూ అనుకున్నాను. ఆ రోజు నోట్లో ఖర్జూరం గింజతో కూర్చుండిపోయాను. నవ్వు వచ్చే సంగతి. చర్చ ఊరంతటి ముందు గెలిచానని మామ అందరికీ చెబుతున్నాడు.

అతను ఒప్పుకున్నాడా? ఒప్పుకున్నట్లే. ఎవరికి చెప్పాలి? సాక్షి ఎవరు? నేనే సాక్షిని. సాక్షులు రాని కేసు అది.

అత్తకు చెప్పను. ఆమె రక్తపోటు మనిషి.

మార్చి 12

అత్తకు చెప్పను.

మార్చి 18

సిద్దయ్య గెలిచాడు. బాగా మెజారిటీతో గెలిచాడట. ఊరేగింపు మా వీధిలోకి రాకుండానే మలుపు తిరిగిపోయింది. వీధి ఇరుకని కొందరన్నారు. నాలుగేళ్ల కింద గెలిచినవాళ్ల ఊరేగింపు ఇదే వీధిలోంచి పోయింది.

చైర్మన్ కూడా అతనేనట. బదిలీ ఎప్పుడని హిందీ సారు నన్ను అడిగాడు. పాపం, జాలితోనే అడిగాడు.

మార్చి 27

అత్తకు చెప్పేశాను.

చెప్పాలని కూర్చోలేదు. అత్త బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "సిద్దయ్య ఆ పొద్దు నీతో ఏమన్నాడు?" అని అడిగింది. అతను పక్కగదికి వచ్చిన సంగతి మామ ఎప్పుడో చెప్పాడట. నేనే చెబుతానని ఇన్నాళ్లూ చూసిందట. మాట మాటా చెప్పాను. బండి తోలిన సంగతి, నెమ్మదైన చెయ్యి, దేవుణ్ణి అడగడం, మమ్మల్ని అడగలేకపోవడం.

ఏడుస్తుందనుకున్నాను. చేట పక్కన పెట్టి ఆలోచనలో పడింది. పిల్లల తప్పు లెక్క చూసినప్పుడు లెక్కల సారు మొహం అలాగే ఉంటుంది.

"అట్ల కాదు గదా బేటీ" అంది చివరికి. "మనిషికి చేసింది మనిషే మాఫీ చేయాల. దాంట్లో అల్లా గూడా చెయ్యి పెట్టడు. ఆయప్పకు ఎవురూ చెప్పలేదేమో."

తర్వాత, "పోయి చెప్దాం పా" అంది.

ఏప్రిల్ 2, ఆదివారం

పులివెందుల పోయి వచ్చాం.

వద్దని చెప్పి చూశాను. నువ్వు రాకపోతే ఒక్కదాన్నే పోతానంది. యూనుస్ పోయాక ఆ దారిలో అత్త పోవడం ఇదే మొదలు, నేను పోవడం కూడా. ముద్దనూరు దాటాక అత్త కొంగు తల మీదికి లాక్కుని పెదాలు కదిలిస్తూ కూర్చుంది. ఏ కల్వర్టో నాకు తెలుసు. అత్తకు చూపించలేదు. ఆమె అడగలేదు.

సిద్దయ్య ఇంటి ముందు షామియానా, దాని కింద అర్జీలతో వచ్చిన జనం. మమ్మల్ని చూసి ఒక్కొక్కరే మాట ఆపేశారు. ఒకతను లోపలికి పోయాడు. సిద్దయ్య తానే బయటికొచ్చి కుర్చీలు వేయించాడు. ఏం కావాలో చెప్పమన్నాడు. నా బదిలీ గురించి వచ్చామనుకున్నట్లుంది, "టీచరమ్మను ఎవురూ కదిలించరులేమ్మా" అన్నాడు.

"దానికి గాదు నాయనా" అంది అత్త. "నువ్వు మా కోడలితో అన్నదాంట్లో ఒక తప్పుండాది. అది చెప్దామని వచ్చినా."

జనాన్ని పంపేయమని అతను చేత్తో సైగ చేశాడు. ఎవరూ దూరంగా పోలేదు. అత్త పట్టించుకోలేదు. ఆమె గొంతు ఎప్పుడూ చిన్నదే.

"దేవుడు చేసినాడని నేను గూడా నమ్ముతా. నిన్ను, నన్ను, నా కొడుకును ఆయనే చేసినాడు. మా కోడలు ఎముకల సంగతి చెప్తాది, అది గూడా వింటా. కానీ ఆయన్ను అడిగితే సరిపోతాదని నువ్వు అనుకుంటాండావు. సరిపోదు నాయనా. నువ్వు చేసింది ఆయనకు గాదు, మాకు. మా తరఫున ఆయన మాఫీ చేయడు. మమ్మల్నే అడగాల. నీకు తెలీక అట్లనే పోతావేమోనని చెప్పిపోదామని వచ్చినాం."

సిద్దయ్య మొహంలో రంగు పోయింది. సభలో నేను జీపు అన్నప్పుడు కూడా పోలేదు. కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. అంతమంది మనుషులు, అందరూ అతని వాళ్లే, అందరూ నేల చూపులే. చివరికి అడిగాడు, ఆ గొంతు నాకు కూడా సరిగా వినపడలేదు:

"అడిగితే ఏమంటావు?"

"అడిగినాక గదా చెప్పేది" అంది అత్త.

అతను అడగలేదు. చాలాసేపు చూశాం. నోరు తెరిచాడు కూడా. అప్పుడు లోపలి నుంచి ఎవరో ఫోనని పిలిచారు. అత్త లేచింది. మమ్మల్ని ప్రొద్దుటూరులో దింపి రమ్మని జీపు తెప్పించాడు. బస్సుకు పోతాం అంది అత్త.

బస్సులో ముందు సీట్లే దొరికాయి. ఎర్రగుంట్లలో బస్సు ఆగి కదిలింది. ఆ తర్వాత అడిగాను. నిజంగా వచ్చి అడిగితే ఏం చెబుతావు అని.

అత్త కిటికీలోంచి చూస్తూ, "నాకు తెలీదు బేటీ" అంది. "నీకు తెల్సా?"

జూన్ 26

బడి తెరిచారు. చైర్మన్ హోదాలో సిద్దయ్య హెడ్మాస్టర్లందరినీ కడపకు పిలిపించాడు. ప్రార్థన మాట, రెండూ చెప్పమన్న మాట ఎత్తుతాడని గురప్ప సారు కాగితం, పెన్ను పట్టుకుని పోయాడు. తాగునీళ్ల గురించి, బళ్ల పైకప్పుల గురించి మాట్లాడాడట. పాఠం ఊసే ఎత్తలేదట. ఒకరు గుర్తు చేయబోతే, దాన్ని టీచర్లు చూసుకుంటారులే అన్నాడట. ఆయప్పకు ఏమైందో అర్థం కాలేదన్నాడు సారు.

గోడల మీద నీలం రాతలు ఎండకు వెలిసిపోతున్నాయి. మెమో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నా బదిలీ ఆగిపోయింది. కొత్త పదో తరగతి పిల్లలు అల్లరివాళ్లు.

సిద్దయ్య రాలేదు. రాడనే నేననుకుంటున్నాను. వస్తే ఏమనాలో కూడా ఆలోచించడం లేదు.

ఈ సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. పక్కింటి బిస్మిల్లా బీ, పెరుగు తోడుకు వచ్చింది. నేను కాపీలు పక్కన పెట్టి లేచేసరికి అత్త అప్పటికే గడియ తీస్తోంది. ఈ మధ్య ఎవరు తట్టినా నాకంటే ముందు ఆమే లేస్తోంది. మోకాళ్ల నొప్పుల మనిషి.